మా వీధి పీపీ నంబరు

పైడప్ప ఫోను మోగిందంటే ఒడిశా రాయగడలో మా పాత వీధి వీధంతటికీ తెలుస్తుంది. డప్పులూ సన్నాయీ కలిసిన జాతర వాయిద్యమేదో కూతురు అందులో పెట్టి ఇచ్చింది. పైడప్పకి చెవులు కాస్త మందగించాయి కనక శబ్దం చివరికంటా పెంచి ఉంచుతుంది. మొన్న కొరాపుట్ నుంచి ఆవిడని చూడ్డానికి వెళ్ళినప్పుడు, నేనింకా గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆ డప్పులు మొదలయ్యాయి. నన్ను కూర్చోమని చేత్తోనే సైగ చేసి, ఫోనుని మొహానికి జానెడు దూరంలో పట్టుకుని, దాని అద్దాన్ని గోటితో గీకింది. "ఒరే సిన్నోడా, పాలు తాగేవేటి? ఏదీ, మొకం సరిగ్గా సూపించు. నిన్నటికన్నా తేటగా ఉన్నావురా," అంది. అవతల పార్వతీపురం ఆసుపత్రి మంచం మీద ఆవిడ తమ్ముడు. వారం రోజులుగా బాగోలేదట. పొద్దున్నొకసారి, మాపటికొకసారి ఇలా మొహం చూసుకుంటున్నారట. నాకు ఆ ఫోనుకన్నా, దాన్ని పట్టుకున్న పైడప్ప చేతుల్ని చూస్తే ఎక్కువ వింతగా అనిపించింది. ఎందుకంటే ఆవిడ జీవితంలో మొదటిసారి టెలిఫోను పట్టుకున్నది మా ఇంట్లో, అదీ తలకిందులుగా.

ఆవిడ పేరు పైడమ్మ. అప్ప అంటే మా వైపు అక్క. మా తాతగారు ఎస్టేటు కచేరీలో గుమాస్తా పనికి విజయనగరం నుంచి కొండలెక్కి వచ్చినవాడు. ఎస్టేటు పోయినా మేం దిగిపోలేదు. నాన్న రెవెన్యూలో ఉద్యోగి. పైడప్పా, ఆవిడ మొగుడు సన్యాసీ మా ఎదురింటి వరసలో ఉండేవారు. సన్యాసి మునిసిపాలిటీలో నీళ్ళు వదిలే పని చేసేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగమే కూతురు నూకాలుకి వచ్చింది. ఇప్పుడు తల్లీ కూతురూ కుటుంబమూ ఆ ఇంట్లోనే ఉన్నారు. అప్పటికి రాయగడ ఇంకా వేరే జిల్లా కాలేదు. మా వీధిలో ఫోను మా ఒక్కరికే ఉండేది. నాన్న ఉద్యోగం పుణ్యమా అని వచ్చిన నల్లటి, బరువైన ఫోను అది. నాయనమ్మ దానికి ఊలుతో గళ్ళ గుడ్డ అల్లి కప్పింది. దసరాకి కత్తిపీటతోపాటు దానికీ బొట్టు పెట్టేది.

ఫోను మాది కానీ, నంబరు వీధిది. పెళ్ళి శుభలేఖల్లో, ఉద్యోగాల దరఖాస్తుల్లో, ఆసుపత్రి చీటీల్లో మా నంబరు వేసి పక్కన 'పీపీ' అని రాసుకునేవారు. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్ చేసి "ఒకసారి ఫలానా వాళ్ళని పిలుస్తారా" అనేవారు. నేను పరికిణీ ఎత్తిపట్టుకుని పరిగెత్తేదాన్ని. వాళ్ళు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, కొందరైతే తల దువ్వుకుని మరీ వచ్చేవారు. సన్యాసి ఫోనుకి నమస్కారం పెట్టి ఎత్తేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక రిసీవరు వాసన చూడటం నాకొక రహస్యమైన ఆట. సన్యాసి మాట్లాడితే చుట్ట వాసన, మూల ఇంటి ఒడియా మాస్టారమ్మ మాట్లాడితే తాంబూలం వాసన, పైడప్ప మాట్లాడితే కొబ్బరినూనె, దాని వెనక ఎక్కడో చోడి, అదే రాగి, అంబలి పులుపు. అమ్మ సాయంకాలం కర్పూరం నలిపిన గుడ్డతో అంతా తుడిచేసేది. పొద్దున్నకి మళ్ళీ వీధి వాసన వచ్చేసేది.

ఫోను మీద అధికారం మాత్రం నాయనమ్మది. నాన్న ఆఫీసుకి పోతాడు, అమ్మ వంటింట్లో ఉంటుంది, ఇక మోగిన ప్రతిసారీ ఎత్తేది ఆవిడే. పొడవుగా, పలచగా ఉండేది. మడి విషయంలో నిప్పు. వీధిలో అందరితోనూ మాటలు కలిపేది కానీ ఎవరింటా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. తప్పనిసరై పైడప్ప వాళ్ళింటికి వెళ్ళినా బయటి పంచలో, తన కూడా తెచ్చుకున్న పీట మీదే కూర్చునేది. పీట నా చేత మోయించేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు వేస్తుంది, అప్పుడు మాత్రం పీట మోయడం నాకు పెద్ద హోదాలా ఉండేది.

ఆ ఫోనులో పెళ్ళి కబుర్లొచ్చేవి, పురిటి కబుర్లొచ్చేవి. చావు కబుర్లూ వచ్చేవి. చావు కబురుకి నాయనమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. ఆ ఇంటివాళ్ళని ఫోను దగ్గరికి పిలిచేది కాదు, తనే వెళ్ళేది. వెళ్ళీ వెంటనే చెప్పేది కాదు. ముందు "అన్నం తిన్నావుటే?" అని అడిగేది. తినలేదంటే, కుళాయి నీళ్ళ గురించో, కందిపప్పు ధర గురించో ఊసులాడుతూ పంచలో కూర్చుండిపోయేది. వాళ్ళు తిని చెయ్యి కడుక్కున్నాక, ఇంకో మాట లేకుండా చెప్పేది. ఎందుకలాగ అని నేనడిగితే, "చావు కబురు చెవిన పడ్డాక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ప్రయాణం చెయ్యాలి, ఏడవాలి, మోయాలి. వట్టి కడుపుతో ఎలా చేస్తారే? పోయినవాళ్ళు ఒక గంట ఆగుతారు, ఉన్నవాళ్ళ కడుపు ఆగదు," అంది. నాయనమ్మ వేదాంతం చెప్పే మనిషి కాదు. ఆవిడకి అది వంటింటి లెక్కే.

పైడప్ప తల్లి పోయిన కబురు ఒక పొద్దున ట్రంకాల్లో వచ్చింది. ఊరు పార్వతీపురం అవతల ఒక పల్లె. ఎవరో కిరాణా కొట్టులోంచి అరిచి అరిచి చెప్పారు. శవాన్ని ఎప్పుడు తీస్తారని నాయనమ్మ అడుగుతుండగానే లైను తెగిపోయింది. మళ్ళీ కలపమని ఎక్స్ఛేంజి వాళ్ళని అడిగినా కలవలేదు. కూతురు రాకుండా తీస్తారా ఏవిటి, అనుకుని నాయనమ్మ నా చేత పీట పట్టించుకుని బయల్దేరింది. పైడప్ప పొయ్యి ముందు ఉంది. ఒళ్ళో నూకాలు, నెలల పిల్ల. అన్నం ఉడుకుతోంది. నాయనమ్మ పంచలో కూర్చుని "అన్నం తిన్నావుటే?" అంది. "నేదమ్మా, ఇంకా వార్చాల," అంది పైడప్ప. నాయనమ్మ ఎండ గురించి మాట్లాడింది, పిల్లకి నలుగు ఎలా పెట్టాలో చెప్పింది. అన్నం ఉడికింది, వార్చింది, తినడం మొదలుపెట్టింది. ఆవిడ ఆ రోజు ఎంత నెమ్మదిగా తిందో నాకు బాగా గుర్తు. మధ్యలో స్టేషను వైపు నుంచి పాసింజరు కూత వినిపించింది. నాయనమ్మ వేళ్ళు పీట అంచుని గట్టిగా పట్టుకున్నాయి. పైడప్ప చెయ్యి కడుక్కున్నాక నాయనమ్మ చెప్పింది.

ఆ పాసింజరు అందలేదు. సన్యాసి వచ్చాక మధ్యాహ్నం బస్సు పట్టుకున్నారు. ఎండాకాలం కదా, పల్లెలో వాళ్ళు ఆగలేకపోయారు. వీళ్ళు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తల్లి మొహం పైడప్పకి దక్కలేదు. ఆ మాట వీధిలో తెలిసిన రోజు నాయనమ్మ పెరట్లో తులసి కోట దగ్గర కూర్చుని, "నా చేతులారా దాని తల్లి మొహం దానికి దక్కకుండా చేశాను," అంది. అమ్మ ఎన్ని చెప్పినా వినలేదు. ఆ తర్వాత ఆవిడ ఫోను ఎత్తలేదు. పక్కనే ఉన్నా, మోగుతూ ఉన్నా, "అమ్మీ, చూడు" అని నన్ను పిలిచేది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టి వండినప్పుడల్లా ఒక గిన్నెడు పైడప్పకి నా చేతే పంపేది. తను మాత్రం ఆ పంచ మళ్ళీ తొక్కలేదు. ఎవరి చావు కబురైనా సరే, ఇక మా ఇంట్లో ఎవరు ఎత్తితే వాళ్ళు వీధిలోకి వచ్చి ఒక్క కేకలో చెప్పేయడమే. నాయనమ్మ పోయేదాకా అంతే. పైడప్ప మనసులో ఏం పెట్టుకుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ తర్వాత ఫోన్లు ఇంటింటికీ వచ్చాయి, ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, చూస్తూండగానే సెల్‌ఫోన్లు వచ్చి అన్నిటినీ తుడిచిపెట్టేశాయి. నాకు టీచరు ఉద్యోగం వచ్చి నారాయణపట్నలో ఉన్న రోజుల్లో సెల్లు ఒక వింత జంతువు. ఊళ్ళో ఎక్కడా సిగ్నలు ఉండేది కాదు. చెరువు గట్టు అవతల ఒక బండరాయి ఉండేది, దాని మీద నిలబడి ఆంధ్రా వైపు తిరిగితే కొద్దిగా తగిలేది. ఊళ్ళో ఫోనున్న ప్రతివాడూ సాయంకాలం ఆ బండ దగ్గర వరసలో నిలబడేవాడు. ఒకరి కాపురం గొడవ మరొకరు వినేవారు, విని సలహా కూడా చెప్పేవారు. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ సిగ్నలు ఆంధ్రా టవరుది. ఒడిశా బండ మీద నిలబడ్డ నాకు, ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం అని మెసేజి వచ్చేది. మూడు తరాల కింద కొండలెక్కి వచ్చేసినవాళ్ళం, ఆ రాయి మీద కాలు పెడితే చాలు, ఫోను మమ్మల్ని మళ్ళీ వెనక్కి పంపేసేది. ఆ మెసేజి వచ్చినప్పుడల్లా నేను నవ్వుకునేదాన్ని, ఒక్కోసారి చిన్న దిగులు కూడా వేసేది. అదే ఊళ్ళో అంతకుముందు పురిటి నొప్పుల మనిషిని నులకమంచం మీద మోసుకుపోవడం నేను కళ్ళారా చూశాను. తర్వాత అదే బండ మీద నిలబడి ఒక కుర్రవాడు అంబులెన్సుని పిలవడమూ చూశాను. అందుకే సెల్‌ఫోనుని ఎవరైనా ఊరికే తిడుతుంటే నాకు నచ్చదు. ఇవాళ కల్యాణసింగ్‌పూర్ సంతలో పసుపు అమ్మే కొండ మనిషి బొడ్లోంచి ఫోను తీసి, పైఊళ్ళో ధర ఎంతో కనుక్కుని మరీ షావుకారుతో బేరమాడుతుంది. షావుకారు మొహం చూడాలి అప్పుడు.

కానీ మా పిన్ని పోయిన కబురు నాకు ఎలా వచ్చిందో అది కూడా చెప్పాలి. కొరాపుట్ బజార్లో గోంగూర కట్టలు ఏరుకుంటున్నాను. చేతిలో ఫోను బుర్రుమంది. మా చుట్టాల గ్రూపులో ఎవరో పిన్ని ఫోటో పెట్టి, దాని కింద ఒక్క ముక్క రాశారు. ఆ కింద దండం పెట్టే బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. నన్ను చంకనేసుకుని పెంచిన పిన్ని. నేనా మాట సరిగ్గా చదువుకోకముందే నలభై మంది నమస్కారం పెట్టేసి తమ తమ పనుల్లోకి వెళ్ళిపోయారు. అక్కడే చతికిలబడితే, కూరలామె "కణ హేలా, మా?", ఏమైందమ్మా అంటూ గాభరాగా లేచి నా మొహాన నీళ్ళు చల్లింది. ఆవేళ నాకు నాయనమ్మ పీట గుర్తొచ్చింది. కబురుకీ నాకూ మధ్య ఒక్క మనిషి ఉంటే బాగుండునని ఏడ్చాను. అంతలోనే, ఆ మధ్యలో మనిషి మూలానే కదా పైడప్పకి తల్లి మొహం దక్కలేదు అని కూడా అనుకున్నాను. ఈ రెంటిలో ఏది నయమో నాకు తేలలేదు. అలా తేలక, ఇన్నేళ్ళకి మొన్న పైడప్పని అడిగేశాను.

నూకాలు డ్యూటీకి వెళ్ళిపోయింది. పిల్లలు బడికి. ఇంట్లో మేమిద్దరమే. నేను వస్తున్నానని పొద్దున్నే పప్పుచారు పెట్టి, అరటికాయ వేపుడు చేసి ఉంచింది. "నువ్వొస్తన్నావని నీసు వండనేదమ్మి," అంది. తమ్ముడితో మాట్లాడి ఫోను పక్కన పెట్టాక, ఆ వెలుగు ఇంకా ఆవిడ మొహంలో ఉండగా అడిగాను.

"అప్పా, ఆ రోజు మా నాయనమ్మ నీకు వెంటనే చెప్పలేదని కోపం వచ్చిందా?"

పైడప్ప నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పళ్ళు లేని నోటితో నవ్వింది.

"సెప్పనేదా? గుమ్మంలోకి ఒచ్చినప్పుడే సెప్పీసినట్టే కదా! మీ నాయనమ్మగోరు పీటట్టుకుని ఒచ్చి, అన్నం తిన్నావుటే అంటే, ఏటయిందో ఈదిలో పిల్లలకి కూడా తెలిసిపోయీది. ఆవిడ ఊరికే మా పంచలో కూకునే మనిసా ఏటి?"

"తెలిసే తిన్నావా?"

"తెలిసే తిన్నాను. మారు కూడా ఎట్టుకున్నాను. అమ్మకి బాగునేదని తెలుసు, ఇంకెవరై ఉంటారు? ఒళ్ళో నూకాలుంది. అక్కడికెల్తే ఏడుపే గానీ తిండి ఉండదు, రొండ్రోజులో మూడ్రోజులో. నాను తినకపోతే దానికి పాలెక్కడివి? నాను అడిగితే ఆవిడ సెప్పీసీది. సెప్పీస్తే ముద్ద దిగదు. అందుకే అడగనేదు. పాసింజరు కూత కూడా ఇన్నానమ్మి. ఇని, సారు పోసుకున్నాను." కొంగుతో మూతి తుడుచుకుంది. "అమ్మ మొకం సూడనేదని ఏడుపు నాకూ ఉంది. ఎందుకుండదు? కానీ అది నాను సేసుకున్నదే. ఆవిడేటి సేసింది?"

"మరి ఆవిడతో ఈ మాట చెప్పలేదేం, అప్పా? తనే నీకు అన్యాయం చేశానని కుమిలిపోయింది. ఫోను ముట్టుకోవడమే మానేసింది."

"సెప్దామని ఓపాలి మీ ఇంటికొచ్చేను. నన్ను సూసి లోపలికెల్లిపోయేరు. తల్లి సావు తెలిసి కూడా కడుపునిండా తింది, ఇదేం మనిసి అని ఏవగించుకున్నారనుకున్నాను. సిగ్గేసి మరి రానేదు. కూర పంపితే మాత్రం, పోన్లే, కొంచెం జాలుంది అనుకునీదాన్ని."

వీధికి అటొకరూ ఇటొకరూ, మధ్యలో గిన్నె మోస్తూ నేను. నాయనమ్మ పోయేదాకా ఇద్దరూ ఒకరికొకరు ముద్దాయిల్లా బతికారు. నాయనమ్మ మీద నాకు జాలేసింది. పైడప్ప నా వీపు మీద ఒక్క చరుపు చరిచి, "ములగాకు తెస్తానుండు, పప్పుసారులోకి బావుంటాది," అంటూ పెరట్లోకి వెళ్ళింది.

అప్పుడే జాతర డప్పులు మొదలయ్యాయి. "ఎత్తమ్మి, ఎవరో సూడు," అని పెరట్లోంచి కేక. ఎత్తాను. అవతల తమ్ముడి కొడుకు. నేనెవరో చెప్పాను. "నాన్న పోయేరండి. ఇందాక అత్తతో మాటాడేక పడుకుంటానన్నాడు, మరి లెగనేదు," అన్నాడు. నా చేతిలో ఆ చిన్న పలక ఒక్కసారి నల్లటి పాత రిసీవరంత బరువెక్కింది. నాయనమ్మ అడగబోయి, లైను తెగి అడగలేకపోయిన మాట నాకు జ్ఞాపకం వచ్చింది. "ఎప్పుడు తీస్తారు బాబూ?" అన్నాను. "అత్త రాకండా ఎలగండి? ఎంత సేపయినా అత్త సూసేకే," అన్నాడు. లైను తెగలేదు. అతని ఏడుపు నాకు స్పష్టంగా వినిపించింది. గంటలో బయల్దేరతామని, దగ్గరుండి నేనే తీసుకొస్తానని, అందాకా ఎవరినీ ఈ ఫోనుకి చెయ్యనివ్వద్దని చెప్పాను. నన్ను కొరాపుట్ నుంచి తెచ్చిన కారతనికి నా ఫోనులోంచి కబురు పెట్టాను, బండి ఇంటి ముందు పెట్టమని. పైడప్ప ఫోను గొంతు నొక్కి, బియ్యం డబ్బా మీద బోర్లించాను.

పైడప్ప ఒడినిండా ములగాకుతో వచ్చింది. "ఎవరమ్మి?" అనబోయింది. నేను అప్పటికి గోడకున్న పీట వాల్చి దాని మీద కూర్చున్నాను. ఎలా వచ్చిందో తెలియదు, నా నోట్లోంచి వచ్చేసింది.

"అప్పా, అన్నం తిన్నావా?"

ఆవిడ కదల్లేదు. నా మొహంలోకి చూసింది. బోర్లించిన ఫోను వైపు చూసింది. ఒళ్ళో ఆకు నెమ్మదిగా చేటలో పోసింది. ఒక చెయ్యి గోడకి ఆన్చి అలా కొంచెం సేపు నిలబడింది. తర్వాత గూట్లోంచి కంచాలు తీసింది, రెండు.

"నువ్వూ కూకో. మీ నాయనమ్మగోరు మా ఇంట ముద్ద ముట్టనేదు. నువ్వు తిను."

వడ్డించింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. పప్పుచారులో ఉప్పు సరిగ్గా ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ ఒక్కో ముద్దా కష్టపడి మింగుతూ, కంచంలో ఏమీ మిగల్చకుండా తింది. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకు మారు వడ్డించింది. చివరికి చెంబెత్తి కంచంలోనే చెయ్యి కడుక్కుంది. కొంగుతో చెయ్యి, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఎప్పుడు తీత్తారంటమ్మి?"

"నువ్వు చూశాకే, అప్పా," అన్నాను.